తుప్పు పట్టనిదల్లా తెగనిది కాదు: స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టుల బలం, మరల తరగతులు

వరిసాగులో దమ్ము రోజులు లెక్కపెట్టుకున్న రోజులు. కాలువకు నీరు వదిలినది మొదలు నాట్లు పూర్తయ్యే వరకు ట్రాక్టరు వంతులవారీగా ఒక పొలం నుండి మరొక పొలానికి తిరుగుతూనే ఉంటుంది. ఆ సమయంలో రోటవేటరు కత్తిని పట్టి ఉంచే బోల్టు తెగితే నష్టపోయేది కొద్ది రూపాయల లోహపు ముక్క మాత్రమే కాదు. అదను తప్పుతుంది, నారు ముదురుతుంది, కూలీలు తిరిగిపోతారు. వదులైన కత్తి వేగంగా తిరుగుతూ ఊడి ఎగిరితే దగ్గరలో ఉన్నవారి ప్రాణానికే ముప్పు.

పాత బోల్టు తుప్పు పట్టి బిగుసుకుపోయినప్పుడు దానిని కోసి తీసి, ఈసారి మంచి రకం వేద్దామన్న ఉద్దేశంతో మెరిసే స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టును అమర్చడం గ్రామాలలో తరచుగా కనిపిస్తుంది. ధర ఎక్కువ, తుప్పు పట్టదు, కనుక బలం కూడా ఎక్కువే ఉంటుందన్నది దీని వెనుక ఉన్న తర్కం. ఇందులో మొదటి రెండూ చాలావరకు నిజమే. మూడవది మాత్రం అపోహ. తుప్పును తట్టుకొనే గుణం, బరువును తట్టుకొనే గుణం, మర సరిగా కుదిరే గుణం అనేవి మూడు వేర్వేరు విషయాలు. ఈ మూడింటికీ వేర్వేరు గుర్తులు ఉన్నాయి. వాటిని చదవడం తెలిస్తే ఏ పనికి ఏ బోల్టు తగినదో దుకాణంలోనే నిర్ణయించుకోవచ్చు.

బోల్టు తలపై ఉన్న ముద్ర

అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 3506, భారతీయ ప్రమాణం ఐఎస్ 1367లోని 14వ భాగం స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు, నట్ల గుణాలను నిర్దేశిస్తాయి. వీటి ప్రకారం తయారైన ఆరు పలకల బోల్టు తలపై తయారీదారు గుర్తుతో పాటు ఎ2-70, ఎ4-80 వంటి ముద్ర ఉంటుంది. అడ్డగీతకు ముందున్న భాగం ఉక్కు రకాన్ని, తరువాతి భాగం బలాన్ని తెలుపుతాయి.

మొదటి అక్షరం ఉక్కు కుటుంబాన్ని సూచిస్తుంది. ఎ అంటే ఆస్టెనిటిక్, సి అంటే మార్టెన్సిటిక్, ఎఫ్ అంటే ఫెర్రిటిక్, డి అంటే డ్యూప్లెక్స్ ఉక్కు. వ్యవసాయ పరికరాలలో ఎక్కువగా కనిపించేవి ఎ2, ఎ4 రకాలు. ఎ2 ఉక్కు బజారులో 304గా పిలిచే రకానికి దగ్గరగా ఉంటుంది. దీనిలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. ఎ4 ఉక్కు 316 రకానికి దగ్గరిది. దీనిలో అదనంగా 2 నుండి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది. ఉప్పు నీటిని ఎ4 మెరుగ్గా తట్టుకోవడానికి ఈ మాలిబ్డినమే ప్రధాన కారణం. ఎ1 రకంలో మరలు సులభంగా కోయడానికి వీలుగా గంధకం కలుపుతారు. అందువలన దాని తుప్పు నిరోధం ఎ2 కంటె తక్కువ.

అడ్డగీత తరువాతి సంఖ్యను పదితో గుణిస్తే ఆ బోల్టుకు ఉండవలసిన కనీస తన్యత బలం, అంటే లాగినప్పుడు తెగకుండా తట్టుకొనే బలం, మెగాపాస్కళ్లలో లభిస్తుంది. ఒక మెగాపాస్కల్ అంటే చదరపు మిల్లీమీటరుకు ఒక న్యూటను. 50 తరగతి బోల్టుకు 500, 70 తరగతికి 700, 80 తరగతికి 800 మెగాపాస్కళ్లు ఉండాలి. ఎ2-70, ఎ4-70 బోల్టులు బలంలో సమానమే. ఎ4 అన్నంత మాత్రాన బలం పెరగదు. తుప్పు నిరోధం మాత్రమే పెరుగుతుంది.

తెగడం కంటె ముందు సాగడం

బోల్టు పనిచేసే తీరును గ్రహిస్తే ఈ సంఖ్యల ప్రాముఖ్యం తెలుస్తుంది. నట్టును బిగించినప్పుడు బోల్టు కొద్దిగా సాగుతుంది. సాగిన స్ప్రింగు వెనక్కు లాగినట్లుగా అది రెండు భాగాలను ఒకదానికొకటి అదిమి పట్టి ఉంచుతుంది. రోటవేటరు కత్తిని కదలకుండా నిలిపేది ప్రధానంగా ఈ అదుముడు బలం వలన కలిగే ఘర్షణే. బోల్టుపై భారం ఒక హద్దు దాటితే అది శాశ్వతంగా సాగిపోతుంది, తిరిగి పూర్వపు పొడవుకు రాదు. అప్పుడు అదుముడు తగ్గుతుంది, కత్తి కదలడం మొదలవుతుంది. ప్రతి తాకిడికీ బోల్టు కొంచెం వంగుతూ, కొంచెం నలుగుతూ లోహపు అలసటకు లోనై చివరకు తెగుతుంది. తెగినది ఈ రోజే అయినా, దాని పతనం సాగిన రోజే మొదలైంది.

కాబట్టి బోల్టులను పోల్చేటప్పుడు తన్యత బలంతో పాటు శాశ్వత సాగుదల మొదలయ్యే హద్దును కూడా చూడాలి. ఈ హద్దు 50 తరగతికి కనీసం 210, 70 తరగతికి 450, 80 తరగతికి 600 మెగాపాస్కళ్లు. సాధారణ ఉక్కు బోల్టులకు ముద్ర వేసే పద్ధతి వేరు. వాటిపై 4.6, 8.8, 10.9 వంటి గుర్తులు ఉంటాయి. మొదటి అంకెను నూరుతో గుణిస్తే తన్యత బలం, రెండు అంకెలను కలిపి గుణించి వచ్చిన దానిని పదితో గుణిస్తే సాగుదల హద్దు వస్తాయి. 8.8 బోల్టుకు ఇవి 800, 640 మెగాపాస్కళ్లు.

12 మి.మీ. వ్యాసం, 1.75 మి.మీ. మర దూరం ఉన్న ఎమ్12 బోల్టును ఉదాహరణగా తీసుకుందాం. దీని మర భాగంలో భారాన్ని మోసే వైశాల్యం 84.3 చదరపు మి.మీ. శాశ్వతంగా సాగకముందు అది తట్టుకొనే లాగుడు ఒక్కొక్క తరగతిలో ఈ విధంగా ఉంటుంది.

ఎ2-50: 17.7 కిలోన్యూటన్లు (సుమారు 1,800 కిలోల బరువుకు సమానం)
సాధారణ ఉక్కు 4.6: 20.2 కిలోన్యూటన్లు (సుమారు 2,060 కిలోలు)
ఎ2-70: 37.9 కిలోన్యూటన్లు (సుమారు 3,870 కిలోలు)
ఎ4-80: 50.6 కిలోన్యూటన్లు (సుమారు 5,160 కిలోలు)
సాధారణ ఉక్కు 8.8: 54.0 కిలోన్యూటన్లు (సుమారు 5,500 కిలోలు)

ఈ వరుసను పరిశీలిస్తే 8.8 బోల్టు తీసి ఎ2-70 బోల్టు వేసినప్పుడు సాగుదల హద్దు దాదాపు 30 శాతం తగ్గుతున్నదని స్పష్టమవుతుంది. 50 తరగతి బోల్టు అయితే సాధారణ 4.6 బోల్టు కంటె ముందే సాగిపోతుంది. ఎ2-70తో 8.8కు సమానమైన బలం రావాలంటే ఎమ్12కు బదులు ఎమ్16 వాడవలసి ఉంటుంది. అందుకు పరికరంలోని రంధ్రం సరిపోదు. రంధ్రాన్ని పెద్దది చేస్తే ఆ భాగమే బలహీనపడుతుంది.

ఈ తేడాకు మూలం లోహ స్వభావంలో ఉంది. 8.8 బోల్టును ఎర్రగా కాల్చి, చల్లార్చి, తిరిగి తగిన ఉష్ణోగ్రతకు వేడిచేసి గట్టిపరుస్తారు. ఆస్టెనిటిక్ స్టెయిన్‌లెస్ స్టీలు ఈ విధమైన వేడి ప్రక్రియతో గట్టిపడదు. చల్లగా ఉన్నప్పుడే లాగి, నొక్కి ఆకారం ఇవ్వడం ద్వారా మాత్రమే దానికి బలం వస్తుంది. 70, 80 తరగతుల మధ్య తేడా ప్రధానంగా ఈ చల్లని పనితనపు స్థాయిలోనిదే. ఇలాంటి బోల్టును గ్యాసు మంటతో ఎర్రగా కాల్చి వంచితే అది సంపాదించుకున్న బలం చాలావరకు పోతుంది. తలపై 70 అన్న ముద్ర మాత్రం అలాగే నిలిచి ఉంటుంది.

ఎక్కడ వాడరాదు

రోటవేటరు కత్తులు, నాగలి కర్రులు, ట్రాక్టరు చక్రాలు, త్రీపాయింట్ లింకేజి, గేరుబాక్సు బిగింపుల వద్ద తయారీదారు నిర్దేశించిన తరగతి బోల్టునే వాడాలి. వీటిలో 8.8 లేదా అంతకు మించిన తరగతి నిర్దేశించి ఉంటే ఎ2-70 దానికి ప్రత్యామ్నాయం కాదు. ఇటువంటి చోట్ల బోల్టులు తుప్పు పట్టి తెగడం కంటె వదులై తెగడమే పెద్ద సమస్య. సీజను ముగియగానే కడిగి, ఆరబెట్టి, గ్రీజు పూసి, ఏటా కొత్త బోల్టులు వేసుకోవడమే దీనికి తగిన మార్గం.

దీనికి విరుద్ధమైన పొరపాటు కూడా ఉంది. కొన్ని పరికరాలలో, పి.టి.ఒ. షాఫ్టులలో షియర్ బోల్టు అమర్చి ఉంటుంది. రాయి లేదా మొద్దు అడ్డుపడి భారం హద్దు దాటినప్పుడు తాను తెగి గేరుబాక్సును కాపాడడమే దాని పని. అది పదేపదే తెగుతున్నదన్న విసుగుతో 4.6 తరగతి స్థానంలో ఎ2-70 బోల్టు వేస్తే తన్యత బలం 400 నుండి 700 మెగాపాస్కళ్లకు, అంటే ముప్పాతిక వంతు పెరుగుతుంది. ఈసారి బోల్టు తెగదు, దాని బదులు గేరు పళ్లు విరుగుతాయి. బలం తక్కువైనప్పుడే కాక ఎక్కువైనప్పుడు కూడా నష్టం ఉంటుందనడానికి షియర్ బోల్టు చక్కని ఉదాహరణ.

ఎక్కడ వాడాలి: నీరు, ఎరువు, ఆమ్లం

స్టెయిన్‌లెస్ స్టీలుకు తుప్పు పట్టకపోవడానికి కారణం దాని ఉపరితలంపై ఏర్పడే అతి పలుచని క్రోమియం ఆక్సైడు పొర. గీత పడినా గాలిలోని ఆక్సిజన్‌తో ఆ పొర మళ్లీ ఏర్పడుతుంది. అయితే క్లోరైడు అయాన్లు ఈ పొరను అక్కడక్కడ ఛేదించి సూదిమొన వంటి గుంటలు చేస్తాయి. వాషరు కింద, మరల మధ్య ఆక్సిజన్ అందని ఇరుకు చోట్ల ఈ నష్టం మరింత వేగంగా జరుగుతుంది.

కోస్తా జిల్లాలలోని రొయ్యల చెరువుల ఏరియేటర్లు ఇందుకు ముఖ్యమైన ఉదాహరణ. చెరువు నీటిలో ఆక్సిజన్ తెల్లవారుజామున అతి తక్కువ స్థాయికి పడిపోతుంది. ఆ వేళలో ఏరియేటరు చక్రం ఆగిపోతే కొద్ది గంటలలోనే పంట మొత్తం చేజారవచ్చు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 19 గ్రాముల క్లోరైడు ఉంటుంది. ఉప్పదనం తక్కువగా ఉన్న చెరువులలో కూడా అది ఎ2 ఉక్కుకు హాని చేయగలిగినంత ఉండవచ్చు. అందువలన ఉప్పు నీటి చెరువులలో నీటి తాకిడికి గురయ్యే బోల్టులు, నట్లు, వాషర్లు అన్నీ ఎ4 రకంవే కావాలి. మంచి నీటి చేపల చెరువులకు ఎ2 సరిపోతుంది. ఎ4 కూడా పూర్తిగా చెక్కుచెదరనిది కాదు కనుక ప్రతి పంట విరామంలో ఒకటి రెండు బోల్టులను విప్పి మరలను పరీక్షించాలి.

బిందు సేద్యంలోనూ క్లోరైడు ఉంటుంది. ఫెర్టిగేషన్‌లో వాడే మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌లో బరువులో దాదాపు 47 శాతం క్లోరైడే. లేటరల్ పైపులలోని ఉప్పును తొలగించడానికి హైడ్రోక్లోరిక్ ఆమ్లం, నాచును నివారించడానికి బ్లీచింగు పౌడరు లేదా సోడియం హైపోక్లోరైటు వాడుతారు. హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని ఎ4 సైతం తట్టుకోలేదు. ఎరువు ట్యాంకు, వడపోత పరికరాల బోల్టులపై గాఢ ఆమ్లం చిందకుండా చూసుకోవాలి. ఆమ్ల చికిత్స, ఫెర్టిగేషన్ పూర్తయిన తరువాత మంచి నీటితో వ్యవస్థను కడగడం పైపులకే కాక బోల్టులకూ రక్ష. ఆమ్లాన్ని, క్లోరిన్ మందును ఒకేసారి కలపరాదు, విషవాయువు వెలువడుతుంది.

రెండు వేర్వేరు లోహాలు తడిలో తాకినప్పుడు కూడా నష్టం జరుగుతుంది. పాలీహౌసు జి.ఐ. చట్రానికి చిన్న స్టెయిన్‌లెస్ బోల్టు వేసినప్పుడు జింకు పూత విశాలంగా ఉండడం వలన నష్టం సాధారణంగా స్వల్పంగా ఉంటుంది. దీనికి భిన్నంగా, పెద్ద స్టెయిన్‌లెస్ ట్యాంకుకు మామూలు ఇనుప బోల్టు వేస్తే ఆ చిన్న బోల్టే మొత్తం నష్టాన్ని భరించి త్వరగా క్షయమవుతుంది. స్టెయిన్‌లెస్ భాగానికి స్టెయిన్‌లెస్ బోల్టే సరియైనది.

మరల తరగతులు

బలం, తుప్పు నిరోధం సరిగా ఉన్నా మర కుదరకపోతే బిగింపు నిలవదు. మర విషయంలో కొలత ఒకటి, తరగతి మరొకటి. ఎమ్12 × 1.75 అన్నది కొలత: బయటి వ్యాసం 12 మి.మీ., ఒక మర నుండి పక్క మరకు దూరం 1.75 మి.మీ. తరగతి అన్నది ఆ కొలతలో ఎంత హెచ్చుతగ్గులను అనుమతిస్తారో తెలుపుతుంది.

మెట్రిక్ మరలలో సాధారణ వాడుకకు బోల్టుకు 6జి, నట్టుకు 6హెచ్ తరగతులు నిర్దేశించారు. ఇంగ్లీషులో రాసేటప్పుడు బోల్టుకు చిన్న అక్షరాన్ని, నట్టుకు పెద్ద అక్షరాన్ని వాడుతారు. అంకె చిన్నదైన కొద్దీ మర కచ్చితత్వం పెరుగుతుంది. ఎమ్12 × 1.75 బోల్టును 6జి తరగతిలో చేసినప్పుడు 6హెచ్ నట్టుతో దానికి కనీసం 0.034 మి.మీ. సందు ఉంటుంది. ఈ కొద్దిపాటి సందే దుమ్ము, గ్రీజు ఉన్న పొలం పరిస్థితులలో నట్టు సాఫీగా తిరగడానికి దోహదపడుతుంది.

కరిగిన జింకులో ముంచి పూత వేసిన బోల్టుల విషయం వేరు. 60 డిగ్రీల మరపై పూత మందం ఎంతో, మర మధ్య వ్యాసం దానికి నాలుగు రెట్లు పెరుగుతుంది. 0.05 మి.మీ. పూతకు 0.2 మి.మీ. పెరుగుదల అన్నమాట. ఇంత పెరిగిన బోల్టుపై మామూలు 6హెచ్ నట్టు ఎక్కదు. అందుకే వాటికి ఎక్కువ వదులుగా మర కోసిన ప్రత్యేక నట్లు ఇస్తారు. ఆ నట్టును స్టెయిన్‌లెస్ బోల్టుకు వేస్తే మరలు అంచుల వద్ద మాత్రమే పట్టుకొని, గట్టిగా బిగించగానే జారిపోతాయి. పాత సామాను డబ్బాలోని నట్లను కలగలిపి వాడడంలో ఉన్న ప్రమాదం ఇదే.

అంగుళాల మరలలో తరగతులు 1, 2, 3గా ఉంటాయి; బోల్టుకు ఎ, నట్టుకు బి అక్షరం చేరుస్తారు. మెట్రిక్ పద్ధతికి భిన్నంగా ఇక్కడ అంకె పెరిగిన కొద్దీ మర కచ్చితత్వం పెరుగుతుంది. సాధారణ వాడుకకు 2ఎ, 2బి సరిపోతాయి. 2ఎ అన్నది మర తరగతి, ఎ2 అన్నది ఉక్కు రకం. అక్షరం, అంకె తారుమారైతే అర్థమే మారిపోతుందని కొనుగోలుదారులు, దుకాణదారులు గుర్తుంచుకోవాలి.

అంగుళాల బోల్టులు, మెట్రిక్ బోల్టులు చూపుకు ఒకేలా ఉండవచ్చు. 5/16 అంగుళం బోల్టు వ్యాసం 7.94 మి.మీ.; ఎమ్8కు దాదాపు సమానం. కాని 5/16 ముతక మరల దూరం 1.41 మి.మీ., ఎమ్8ది 1.25 మి.మీ. ఎమ్8 నట్టు దానిపై ఒకటి రెండు చుట్లు తిరిగి బిగుసుకుంటుంది. పానాతో బలవంతంగా తిప్పితే మరలు నలిగి, బిగిసినట్లు కనిపిస్తుందే తప్ప పట్టు ఉండదు. నట్టు చేతివేళ్లతో చివరి వరకు తిరగాలన్నది అన్నింటికంటె సులభమైన పరీక్ష.

మరలు అతుక్కుపోవడం

స్టెయిన్‌లెస్ నట్టు సగం దూరం బిగిసి, ఆ తరువాత ముందుకూ వెనుకకూ కదలక నిలిచిపోవడం మెకానిక్కులకు సుపరిచితమే. దీనిని గాలింగ్ అంటారు. బిగించేటప్పుడు ఘర్షణకు ఆక్సైడు పొర చెరిగి, రెండు లోహాలు నేరుగా తాకి, ఎగుడుదిగుళ్ల వద్ద ఒకదానికొకటి అతుక్కుంటాయి. సౌర పంపుసెట్ల ఫలకాల చట్రాల వద్ద విద్యుత్ పానాతో వేగంగా నట్లు బిగించినప్పుడు ఈ సమస్య ఎక్కువ. తరువాత ఫలకం మార్చవలసి వస్తే బోల్టును కోయక తప్పదు.

దీనిని నివారించడానికి మరలను శుభ్రంగా తుడిచి, యాంటీసీజ్ పేస్టు లేదా తగిన గ్రీజు పూసి, చేతి పానాతో నిదానంగా బిగించాలి. దుమ్ము ఉండే చోట సన్న మరల కంటె ముతక మరలే మేలు. గ్రీజు పూసినప్పుడు ఘర్షణ తగ్గి అదే తిప్పుడుకు బోల్టుపై లాగుడు పెరుగుతుంది కనుక పొడి మరలకు ఇచ్చిన బిగింపు విలువను గ్రీజు పూసిన మరలకు, 8.8 బోల్టుకు ఇచ్చిన విలువను ఎ2-70కు వాడరాదు. నట్టు తిరగడం కష్టమవుతున్నదని అనిపించిన వెంటనే ఆపి, చల్లారనిచ్చి, వెనక్కు విప్పి చూడాలి.

కొనుగోలులో పాటించవలసిన జాగ్రత్తలు

అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టెయిన్‌లెస్ అన్న నమ్మకం పూర్తిగా సరికాదు. చల్లగా నొక్కి తయారుచేసిన అసలైన ఎ2 బోల్టు కూడా స్వల్పంగా అంటుకోవచ్చు. మరోవైపు, నికెల్ తగ్గించి మాంగనీసు పెంచిన 200 శ్రేణి ఉక్కు అయస్కాంతానికి అంటుకోకపోయినా తుప్పు నిరోధంలో ఎ2కు సాటిరాదు. ఎ2, ఎ4 మధ్య తేడాను అయస్కాంతం ఏమాత్రం చెప్పలేదు. ఆధారపడవలసినవి తలపై ముద్ర, తయారీదారు గుర్తు, పెద్ద మొత్తంలో కొనేటప్పుడు పరీక్షా ధ్రువపత్రం.

నట్టు తరగతి బోల్టు తరగతికి తగ్గరాదు. 70 తరగతి బోల్టుకు 50 తరగతి నట్టు వేస్తే బోల్టు బలం పూర్తిగా వినియోగం కాకముందే నట్టు మరలు జారుతాయి. 025, 035, 040 వంటి సున్నాతో మొదలయ్యే ముద్ర ఉన్నవి పలుచని నట్లు; అవి పూర్తి భారానికి ఉద్దేశించినవి కావు. ముద్ర లేని బోల్టు ఎంత మెరిసినా భారం పడే చోట వాడరాదు.

రైతులు గాని, యంత్ర సేవా కేంద్రాల నిర్వాహకులు గాని బోల్టు కొనే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. అది ఏ నీటిలో, ఏ రసాయనం మధ్య పనిచేస్తుంది? దానిపై ఎంత భారం, ఎంత అదురు పడుతుంది? అది ఏ మరలో కుదరాలి? మొదటి ప్రశ్నకు ఎ2, ఎ4 వంటి గుర్తులు, రెండవదానికి 50, 70, 80 అంకెలు, మూడవదానికి మర కొలత, తరగతి సమాధానం చెబుతాయి. తీసివేసిన పాత బోల్టును పారవేయక దుకాణానికి వెంట తీసుకువెళ్లి, తలపై ముద్రను, మర దూరాన్ని సరిచూసుకొని కొత్తది తెచ్చుకుంటే మెరుపును చూసి మోసపోయే అవకాశం ఉండదు. దమ్ము రోజులలో ట్రాక్టరు గట్టున నిలిచిపోయే పరిస్థితీ తప్పుతుంది.